చారు పొంగినప్పుడు కనిపించిన గీత

సునంద ఇంటర్మీడియట్‌లో సైన్సు తీసుకుందని తెలిసిన రోజు, గని కాంటా దగ్గర టీ తాగుతున్న వాళ్లంతా గ్లాసులు పక్కన పెట్టి మరీ నవ్వారు.

మణుగూరు ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు లారీలు తూకం వేసే కాంటా గదిలో ఆమెకు ఉద్యోగం. నిజానికి గని ఉద్యోగం ఆమె భర్త బాలకృష్ణది. గుండె ఆపరేషన్ అయ్యాక డాక్టర్లు అతన్ని అన్‌ఫిట్ అన్నారు, ఉద్యోగం ఆమెకొచ్చింది. అప్పటి నుంచీ డ్యూటీ సునందది, వంట బాలకృష్ణది. పదో తరగతి కాగానే పెళ్లయిపోయిన మనిషి కాబట్టి, కాస్త పై ఉద్యోగానికి పోవాలంటే ఇంటరన్నా ఉండాలని ఆఫీసులో చెప్పారు. ఓపెన్ స్కూల్లో చేరమన్నారు, ఆర్ట్స్ అయితే సులువన్నారు. ఆమె పోయి కెమిస్ట్రీ రాయించుకుని వచ్చింది.

"నీకు గా తిప్పలెందుకే?" అని అత్త సోమమ్మ ముక్కున వేలేసుకుంది.

ఎందుకంటే సునందకు చిన్నప్పటి నుంచీ ఒక సందేహం ఉండిపోయింది. వాళ్ల ఊరి బస్సు రోజూ భారజల కర్మాగారం బోర్డు ముందు నుంచే పోయేది. నీళ్లకు బరువేమిటని ఆరో తరగతిలో అడిగితే క్లాసు క్లాసంతా నవ్వింది. టీచరూ నవ్వింది. ఓపెన్ స్కూల్ పుస్తకం చేతికి రాగానే సునంద మొట్టమొదట వెతుక్కున్నది ఆ సంగతే. హైడ్రోజన్ కేంద్రకంలో ఒక న్యూట్రాన్ అదనంగా చేరితే దాని బరువు రెట్టింపవుతుందట, అలాంటి హైడ్రోజన్‌తో తయారైన నీళ్లే భారజలమట. ఆ రోజు డ్యూటీ బస్సులో పక్క సీట్లో ఎవరు కూర్చున్నా ఆమె చేత అది చెప్పించుకోకుండా దిగలేకపోయారు.

ఆ ఉత్సాహమంతా పరమాణు నిర్మాణం పాఠం దగ్గర ఆగిపోయింది.

సాయంత్రాలు తల్లీ కూతురూ ఒకే బల్ల మీద చదువుకునేవాళ్లు. కూతురు సాహిత్య కాలేజీలో ఇంటర్ మొదటి ఏడాది, ఇంగ్లీషు మీడియం. తల్లిది తెలుగు పుస్తకం. పాఠం మాత్రం ఇద్దరికీ ఒకటే. ఒకరోజు సునంద శ్రద్ధగా బొమ్మ గీసింది. మధ్యలో కేంద్రకం, చుట్టూ గుండ్రటి దారులు, దారుల మీద పూసల్లా ఎలక్ట్రాన్లు. సాహిత్య తొంగి చూసి, "అమ్మా, గా బొమ్మ తప్పు" అంది.

"తప్పేంది? పదిల మా సార్ గిట్లనే గీసిండు. నాకు ఫుల్ మార్కులు గూడ ఏసిండు."

"పదిల గట్లనే చెప్తరు. నిజానికి ఎలక్ట్రాన్ గట్ల గిరగిరా తిరగదు. మబ్బు లెక్క ఉంటది."

"అంటే మాకు అబద్ధం చెప్పిండ్రా?"

"నాకేం తెల్సమ్మా! ఎగ్జామ్‌ల ఏ మోడల్ అడిగితే ఆ మోడల్ రాయాలె. గంతే."

సునందకు ఒళ్లు మండింది. పాఠం మొత్తం తిరగేసింది. థామ్సన్ అనే ఆయన పరమాణువు పుచ్చకాయలా ఉంటుందన్నాడు, ఎలక్ట్రాన్లు అందులో గింజలట. రూథర్‌ఫర్డ్ వచ్చి కాదన్నాడు, మధ్యలో గట్టి కేంద్రకం, మిగతాదంతా ఖాళీ అన్నాడు. బోర్ వచ్చి దానికి కక్ష్యలు కట్టాడు. ఆ తర్వాత వచ్చిన వాళ్లు కక్ష్యలు కూడా తీసేశారు. ఒకరు కట్టిన ఇంటిని ఇంకొకరు కూల్చడమే పాఠమంతా.

ఓపెన్ స్కూల్ క్లాసులు ఆదివారాలు హైస్కూల్లో జరిగేవి. కెమిస్ట్రీ చెప్పే ప్రేమ్‌సాగర్ ఇంకా పెళ్లి కాని కుర్రాడు, తనకంటే పెద్దవాళ్లకు పాఠం చెప్పాలంటే మొదట్లో చెమటలు పట్టేవి. ఆ ఆదివారం సునంద లేచి నిలబడింది.

"సార్, తప్పని తేలినయన్నీ మేమెందుకు సదవాలె? ఆఖరుకు ఏది నిజమో అదొక్కటే చెప్తే అయిపోతది గదా?"

"అవ్ సార్, మాకూ జల్ది అయితది" అని వెనక బెంచీ నుంచి దస్రు అందుకున్నాడు. అతను అడవి పక్క ఊరి నుంచి వస్తాడు, వారమంతా ట్రాక్టర్ నడుపుతాడు.

ప్రేమ్‌సాగర్ సుద్దముక్క కింద పెట్టాడు. "పరమాణువును కంటితో చూసి ఎవ్వరూ బొమ్మ గియ్యలేదమ్మా. దొరికిన ఆధారాన్ని బట్టి గీసిండ్రు. కొత్త ఆధారం దొరికితే పాత బొమ్మ సరిపోలేదు, మార్చిండ్రు. బోర్ కక్ష్యలు ఊరికే గియ్యలేదు. వెలుగులో కొన్ని గీతలు కనిపించినయి. అవి ఎందుకొస్తున్నయో పాత బొమ్మలు చెప్పలేకపోయినయి." తన సంచి దగ్గరికి లాక్కుంటూ అన్నాడు: "నేను చెప్తే మీరు నమ్ముడెందుకు? మీరే చూడండి."

టూత్‌పేస్ట్ అట్టపెట్టె, పాత సీడీ ముక్క, రెండు బ్లేడు ముక్కలు. వీటితో అక్కడికక్కడే ఒక గొట్టం తయారు చేశాడు. బ్లేడుల మధ్య సన్నటి సందులోంచి వెలుగు లోపలికి పోయి సీడీ ముక్క మీద పడుతుంది. పక్కన కోసిన కన్నంలోంచి చూస్తే ఆ వెలుగు ఏయే రంగులతో తయారైందో విడివిడిగా కనిపిస్తుంది.

"మామూలు బల్బు దిక్కు పెడితే ఇంద్రధనుస్సు వస్తది. కానీ ఒకే రకం పరమాణువులు వేడెక్కి వెలుగిచ్చినయనుకోండి, ఇంద్రధనుస్సు రాదు. చీకట్ల అక్కడక్కడ గీతలే వస్తయి. వీధుల్ల పసుపు రంగు సోడియం లైట్లు ఉంటయి గదా, వాటి కింద నిలబడి చూడండి. సూర్యుని దిక్కు మాత్రం పెట్టకండి, కండ్లు పోతయి."

గొట్టం ఎవరు తీసుకెళ్తారని అడిగేలోపే అది సునంద సంచిలో ఉంది.

ఆ వారం ఆమె దేన్నీ వదల్లేదు. ఇంట్లో బల్బు చూసింది, ఫోను లైటు చూసింది, లారీల హెడ్‌లైట్లు చూసింది, కాంటా గది బయట పెద్ద ఫ్లడ్‌లైటు చూసింది. అన్నింట్లోనూ ఇంద్రధనుస్సే. నవ్విన వాళ్లే వరసలో నిలబడి చూశారు. తూకం కోసం ఆగిన డ్రైవర్లు "అక్కా, సినిమా ఏస్తున్నరంట?" అంటూ దిగి వచ్చి చూశారు. అందరికీ ఇంద్రధనుస్సు బాగా నచ్చింది. సునందకు గీతలు కావాలి.

పసుపు వీధి దీపాల కోసం సాయంత్రం పూట బజారంతా తిరిగింది. ఒక్కటీ లేదు. అన్ని స్తంభాలకూ తెల్లటి ఎల్‌ఈడీలే. ఇన్నాళ్లు ఆ పసుపు వెలుగు కిందే కూరగాయలు కొన్నది, అది ఎప్పుడు పోయిందో గమనించనే లేదు.

"గీతలూ లేవు, గాడిదగుడ్డూ లేదు" అని ఇంటికొచ్చి గొట్టం బల్ల మీద పెట్టింది.

చపాతీ పిండి కలుపుతున్న బాలకృష్ణ తలెత్తాడు. "ఇల్లందుల మా అక్కోళ్ల గల్లీ మూలకు పసుపు లైటుండె. పోయినసారి పోయినప్పుడు సూసిన. పోదామా?"

"లైటు సూస్తానికి ఇల్లందు పోతమా?"

"అక్కను సూసినట్టు గూడ ఉంటది. బండి మీద పోయి ఎన్నేండ్లయింది మనం?"

ఆమెకు వారాంతపు సెలవు దొరికిన రోజున ఇద్దరూ బయల్దేరారు. గుండాల మీదుగా అడవి దారి. ఆపరేషన్ తర్వాత బాలకృష్ణ అంత దూరం బండి నడపడం అదే మొదలు. సునంద వెనక కూర్చుని ప్రతి గుంతకూ "మెల్లగ" అంది. కాసేపటికి అనడం మానేసింది. వాన వెలిసిన అడవి పచ్చిగా వాసన వేస్తోంది. వాగు దగ్గర ఆగి, తెచ్చుకున్న పల్లీలు తిన్నారు. దారి పొడుగునా బాలకృష్ణ ఏవో పాత గని కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఇంత మాట్లాడే మనిషని ఆమె మర్చిపోయింది.

ఇల్లందు చేరేసరికి సాయంత్రమైంది. గల్లీ మూలన స్తంభం ఉంది. దాని మీద తెల్లగా, ధగధగా ఎల్‌ఈడీ వెలుగుతోంది.

"మొన్ననే మార్చిండ్రు తమ్ముడూ" అని బాలకృష్ణ అక్క రోజారాణి సంబరంగా చెప్పింది. "ఎన్నిసార్లు అడిగితె వచ్చిండ్రో! ఇప్పుడు సూడు, పట్టపగలు లెక్కుంది."

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు బాలకృష్ణకు నవ్వొచ్చింది, తర్వాత సునందకు. ఇద్దరూ స్తంభం పట్టుకుని ఎందుకు నవ్వుతున్నారో రోజారాణికి అర్థం కాలేదు.

వచ్చాడు కాబట్టి చారు తనే పెడతానని బాలకృష్ణ వంటింట్లోకి దూరాడు. తమ్ముడి చారు ఎప్పుడూ తాగని రోజారాణి కొంచెం భయపడుతూ పక్కనే నిలబడింది. చింతపండు రసం, టమాటలు, ఉప్పు, పసుపు వేసి పొయ్యి మీద పెట్టి, చారు కాచడంలో తను కనిపెట్టిన మెలకువలు వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు. ఇంతలో మళ్లీ వాన అందుకుంది, కరెంటు పోయింది. వంటిల్లంతా చీకటి. చీకట్లోనూ బాలకృష్ణ ఉపన్యాసం ఆగలేదు. చారు పొంగింది.

నురగ గిన్నె అంచు దాటి మంట మీద పడింది. నీలంగా ఉన్న గ్యాసు మంట ఒక్కసారిగా పసుపుగా లేచింది.

"అయ్యో, కట్టెయ్!" అని రోజారాణి.

"కట్టెయ్యకు!" అని గడప దగ్గర నుంచి సునంద అరుపు.

సంచిలోంచి గొట్టం తీసి కంటికి పెట్టుకుంది. అంతా నలుపు. ఆ నలుపు మధ్యలో నిలువుగా ఒక పసుపు గీత. అటు ఎరుపు లేదు, ఇటు ఆకుపచ్చ లేదు. ఇంద్రధనుస్సును ఎవరో తుడిచేసి ఒక్క గీతను మాత్రం మర్చిపోయినట్టుంది. మంట నీలంగా మారితే గీత పోతోంది. నురగ పడితే మళ్లీ అదే చోటికి వచ్చి నిలబడుతోంది.

"వచ్చింది... ఏమయ్యా, గీత వచ్చింది! ఇంకింత పొంగియ్యి!"

బాలకృష్ణ గరిటెతో చారు తీసి బొట్లు బొట్లుగా మంట పక్కన చల్లాడు. పాపం రోజారాణి తన పొయ్యి వంక చూస్తూ నిలబడింది. ఆమె చేతికీ గొట్టం ఇచ్చారు. చూసి, "చారుల పసుపేసినవ్ గదా. గందుకే పసుపు గీత వచ్చింది" అని తేల్చేసింది.

ఆ మాట సునందను ఆపేసింది. నిజమే కావచ్చు. పుస్తకం సోడియం అంటుంది, వదిన పసుపంటుంది. ఏదో ఎట్లా తెలుస్తుంది?

"వదినా, రెండూ ఏరేరుగ ఏసి సూద్దాం."

ముందు చిటికెడు పసుపు రాల్చారు. నిప్పురవ్వలు లేచాయి, ఘాటుకు ముగ్గురూ దగ్గారు. గొట్టంలో మసకగా రంగులన్నీ కలిసి మెరిసి పోయాయి. తర్వాత గిన్నెడు నీళ్లలో ఉప్పు కలిపి, చెంచా తడిపి మంటలో పెట్టారు. పసుపు గీత కత్తిలా నిలబడింది. రోజారాణి మళ్లీ చూసింది, ఇంకోసారి చూసింది.

"ఉప్పేనే!" అంది. తను ఓడిపోయానని ఆమెకు తోచనే లేదు. "తెల్లటి ఉప్పుల గింత పసుపు దాగుందా! ఉండు, పక్కింటామెను పిలుస్త."

కరెంటు వచ్చేసరికి వంటింట్లో సగం గల్లీ ఉంది. గిన్నెలో చారు మాత్రం సగమే మిగిలింది.

సునంద అప్పుడే ప్రేమ్‌సాగర్‌కు ఫోన్ చేసింది. అతను అవతల గట్టిగా నవ్వాడు. "ఉప్పు సంగతి వచ్చే ఆదివారం నేను చేసి చూపిద్దామనుకున్న. మీరే చూసేసిండ్రు! ఉప్పులో ఉన్నది సోడియమే గదమ్మా. వేడికి సోడియంల ఎలక్ట్రాన్ పై మెట్టుకు ఎక్కుతది, దిగేటప్పుడు ఆ తేడాను వెలుగుగా వదుల్తది. మెట్టుకు మెట్టుకు మధ్య నిలబడ్డానికి దానికి జాగ లేదు. అందుకే ఎప్పుడూ అదే వెలుగు, అదే గీత. క్వాంటమ్ అన్న మాట మొదలైంది ఇట్ల మెట్లు మెట్లుగ ఉండే సంగతులతోనే."

తిరుగు ప్రయాణంలో సునంద మనసంతా ఆ మెట్ల మీదే ఉంది. ఇంటికి రాగానే సాహిత్యను కూర్చోబెట్టింది.

"మన ఓపెన్‌కాస్ట్ సూసినవ్ గదా. పై నుంచి కిందికి మెట్ల లెక్క బెంచీలు బెంచీలుగ కోసి ఉంటది. డంపర్ బండి ఈ బెంచీ మీదన్న ఉంటది, ఆ బెంచీ మీదన్న ఉంటది. ఎలక్ట్రాన్ గూడ గంతే."

సాహిత్య ఆలోచించింది. "డంపర్‌కు ఎక్కి దిగెటందుకు ర్యాంపు ఉంటది గదమ్మా. ర్యాంపు మీద మధ్యల ఆగొచ్చు."

"దీనికి ర్యాంపు లేదు."

"మరి కిందికెట్ల వస్తది?"

సునంద పుస్తకం మళ్లీ తెరిచింది. ఆ ప్రశ్న తనకు తట్టలేదు. సాహిత్యకైతే తను ఒక ప్రశ్న అడిగిందన్న ధ్యాస కూడా లేదు. మోడల్ పేరు, సంవత్సరం, సూత్రం అన్నీ అప్పజెప్పగల పిల్ల గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. కాసేపటికి లేచి బీరువాలోంచి ఒక సీడీ తీసుకుని కత్తెర వెతకసాగింది.

"అది మా పెండ్లి సీడీనే!" అన్నాడు బాలకృష్ణ.

"మనింట్ల ప్లేయరే లేదు గద డాడీ."

అతను భార్య వైపు చూశాడు. "కొయ్యనియ్. ఇప్పుడన్న అండ్ల ఏదన్న కనిపిస్తది" అంది సునంద.

తర్వాతి ఆదివారం తల్లీ కూతురూ కలిసి క్లాసుకెళ్లారు. సాహిత్య ర్యాంపు సంగతి అడిగింది. ప్రేమ్‌సాగర్ ముఖం వెలిగింది.

"బోర్ బొమ్మ ఆగిపోయింది ఇట్లాంటి ప్రశ్నల దగ్గరనే. హైడ్రోజన్ గీతలకు ఆయన లెక్క చక్కగా సరిపోయింది. ఎలక్ట్రాన్లు ఎక్కువైతే కుదరలేదు. అప్పుడు వచ్చినవాళ్లు అసలు దారి అన్న మాటే వదిలేసిండ్రు. ఎలక్ట్రాన్ ఈ దారిల పోతదని చెప్పలేం. ఈ చోట దొరికే అవకాశం ఎక్కువ, ఆ చోట తక్కువ అని చెప్పగలం. అది కూడా పక్కా లెక్కతోని. ఆ చోటునే ఆర్బిటాల్ అంటం."

"మా ఆయన లెక్క" అంది సునంద. "పొద్దుగూకాల ఏడున్నడంటే చెప్పలేను. టీ కొట్టు కాడ ఉండే అవకాశం ఎక్కువ, యూనియన్ ఆఫీస్ కాడ కొంచెం, గుడి కాడ అసలు లేదు."

క్లాసు గొల్లుమంది. నవ్వు ఆగాక సాహిత్య అంది: "డాడీకి ఫోన్ చేస్తే ఏడున్నడో చెప్తడు గదమ్మా. మనకు తెల్వకపోయినా డాడీ ఒక దగ్గరే ఉంటడు. ఎలక్ట్రాన్‌కు ఫోన్ చేస్తే?"

"ఫోన్ మోగిన దెబ్బకే అది ఉన్న కాడ ఉండదు" అన్నాడు ప్రేమ్‌సాగర్. "చూడబోతే చాలు, చెదురుతది. అంతేకాదు, మనం చూడకముందు అది ఒక్క చోటే ఉందని చెప్పడానికి కూడా లేదు. బాలకృష్ణ గారి పోలిక ఇక్కడి దాకనే పనికొస్తది. ఆ పైన పోలికలు ఉండవు, లెక్కలే."

"అంటే ఈ మబ్బు బొమ్మ గూడ రేపు మారుతదా సార్?" అని దస్రు అడిగాడు.

"మారొచ్చు. కానీ కొత్త బొమ్మ గీసేటాయన ఎవరైనా సరే, ఉప్పు గీత ఎందుకొస్తదో చెప్పాల్సిందే. గీత మారదు గదా."

సునందకు ఆ మాటతో కడుపు నిండింది. పాత బొమ్మలను పాఠంలో ఎందుకు ఉంచారో ఇంకెవరూ ఆమెకు చెప్పనక్కర్లేదు.

దీపావళి నాటికి వాళ్లింట్లో మూడు గొట్టాలున్నాయి. చీకటి పడుతుండగానే సాహిత్య వీధిలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎర్ర మంట వచ్చే పెన్సిల్ టపాసు వెలిగిస్తే గొట్టంలో ఎరుపు వైపు చారలు, పచ్చ మంట వెలిగిస్తే ఆకుపచ్చ వైపు చారలు. ఎర్రది స్ట్రాన్షియం, పచ్చది బేరియం అని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. టపాసులు కాల్చే పిల్లలు ముందు ఈ గొట్టాల దగ్గరికి వచ్చి, వరసలో నిలబడి, చూసి, మళ్లీ పరుగెడుతున్నారు. పరీక్షలో రానిదేదీ ముట్టని పిల్ల అన్నానికి రమ్మన్నా కదల్లేదు.

చివరికి సోమమ్మ కూడా మనవరాలి పక్కన చేరి గొట్టం కంటికి పెట్టుకుంది.

"ఏమే సునందా, అది కనిపిస్తలేదే. నువ్వు రోజు చెప్పేదీ, గా చిన్నది?"

"ఎలక్ట్రాన్ కనిపియ్యదు అత్తమ్మా. అది మెట్టు దిగినప్పుడు వచ్చే వెలుగే కనిపిస్తది."

"దిగితేనే గింత మంచిగుందా!" అని ఆ ముసలామె గొట్టం వదల్లేదు. పిల్లలు గోల పెడితేగాని ఇవ్వలేదు.

ఆ వేసవిలో సునంద ఇంటర్ పాసైంది. సాహిత్యకు వచ్చినన్ని మార్కులు రాలేదు గానీ కెమిస్ట్రీలో తక్కువేమీ రాలేదు. ఆమెను అడిగితే మాత్రం మార్కుల కంటే ముందు దీపావళి తర్వాతి ఆదివారం సంగతి చెబుతుంది. ఆ రోజు ప్రేమ్‌సాగర్ కొత్త పాఠం మొదలుపెట్టాడు. పెద్ద అక్షరాలతో బోర్డు మీద ఒకే మాట రాశాడు: కార్బన్.

క్లాసులో సగం మంది బొగ్గు గని వాళ్లే. వాళ్లు రోజూ తవ్వి తూచే బొగ్గులో ఎక్కువ పాలు అదే. సునంద చెయ్యెత్తింది.

"సార్, గీ పాఠం మాది. మీరు కూసోండి, మేం చెప్తం."

ప్రేమ్‌సాగర్ సుద్దముక్క ఆమె చేతిలో పెట్టి, నిజంగానే వెళ్లి దస్రు పక్కన కూర్చున్నాడు.